మా యింటి ఛాయ

నల్లకుంట వాసులకు కోరంటి యను మాట క్రొత్తది కాదు. మా వీధికి సమీపముననున్న జ్వర చికిత్సాలయమును జనులు నేటికిని కోరంటి దవాఖానా యనియే పిలుతురు. దానికి సర్ రోనాల్డ్ రాస్ మహాశయుని పేరు పెట్టి యెన్ని యేండ్లయినను, ఆ పేరు చెప్పినచో ఆటోవానికి దారి తెలియదు. కోరంటి యన్నచో కన్ను మూసికొని తీసికొనిపోవును. 1897లో మన సికింద్రాబాదులోనే దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొని, 1902లో నోబెలు బహుమానము నందిన రాస్ గారి గతి యిట్లున్నది. కోరంటి యనునది క్వారంటైను అను మాటకు మన నోట పుట్టిన వికృతి. ఆ మాటకు మూలము ఇటలీ వారి భాషలో నలువది యను సంఖ్య. తెగులు భయముచే వెనీసు నగరము చేరవచ్చిన ఓడలను నలువది దినములు దూరముగ నిలుపుచుండిరి. పదములకు వ్యుత్పత్తులు చెప్పుట మా వృత్తి. ఈ వ్యుత్పత్తిని బడిలో పిల్లలకు ఎన్ని మారులో చెప్పి నవ్వించితిమి. ఆ నలువది దినములు ఒకనాడు మా గుమ్మములోనికే వచ్చి, నలువదితో తృప్తి నొందక కూర్చుండునని మాత్రము మేమెన్నడును తలంపలేదు.

2020 మార్చి 22వ తేదీ ఆదివారము జనతా కర్ఫ్యూ. ఆ సాయంకాలము అందఱితో పాటు మేమును వరండాలో నిలిచి చప్పట్లు కొట్టితిమి. పదవ తరగతి పరీక్షలు మూడు పత్రములు జరిగి, తక్కినవి ఆగిపోయినవి. 25వ తేదీ ఉగాది. దేశమంతటను ఇరువదియొక్క దినముల లాక్‌డౌను ఆ దినముననే ప్రారంభమయ్యెను. క్రొత్త సంవత్సరము పేరు శార్వరి. శర్వరి యనగా రాత్రి. పంచాంగకర్తలు అఱువది పేళ్లను వరుసగ వాడుదురే గాని యేఱి పెట్టరని మాకు తెలియును. అయినను ఆనాడు పచ్చడి గిన్నె ముందు కూర్చుండి ఆ పేరు బిగ్గఱగ చదువుటకు మా నోరు రాలేదు.

మా తల్లి తార్నాకలో మా తమ్ముని యింట నుండెను. ప్రతి యాదివారము మేము విద్యానగరము మీదుగ విశ్వవిద్యాలయ ప్రాంగణములో ప్రవేశించి, ఆర్ట్సు కళాశాల రాతిభవనము ముందు ఒక నిమిషము బండి నాపి, ఆ చెట్ల నీడలో తార్నాక చేరుట యలవాటు. 1939లో తెఱవబడిన ఆ భవనమును మా పిల్లలు తమ తాతగారి యింటివలె చూతురు. ఆ విశ్వవిద్యాలయము పుట్టిన 1918వ సంవత్సరమే ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి దేశమంతట చెలరేగిన సంవత్సరమని అంతకు ముందు మాకెన్నడును తోచలేదు. తార్ అనగా తీగ, నాకా యనగా కాపలా గల దారి. పూర్వము ఒక తోటకు తీగకంచె వేసి కాపలా నుంచినందున తార్నాక యను పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. ఆ నెలలో ఆ పేరు మరల నిజమయ్యెను. నిత్యావసరములకైనను ఇల్లు విడిచి మూడు కిలోమీటర్లకు మించి పోరాదని పోలీసువారి యుత్తరువు. మా గుమ్మమునుండి మా తల్లి మంచమునకు నాలుగు కిలోమీటర్లు!

ఆమెకు చెవుడు. ఫోనులో మనము పది మాటలు చెప్పినచో రెండు వినబడును. ఆ రెండింటికిని వేఱు అర్థములు తోచును. కన్నులు మాత్రము శుక్లములు తీయించిన పిమ్మట చక్కగ నున్నవి. "మాటలు వద్దు నాయనా, బొమ్మలు పంపు" అని ఆమె చెప్పించెను. ఇదియే మేము ఛాయాగ్రాహకులమగుటకు కారణము. బడి వార్షికోత్సవములకొఱకు కొన్న కెమెరా యొకటి బీరువాలో గుడ్డ కప్పుకొని నిద్రించుచుండెను. దానిని మేలుకొలిపితిమి. పగలంతయు తీయుట, సాయంకాలము మంచివి యేఱి తమ్ముని ఫోనునకు పంపుట, రాత్రి వాని ఫోను మా తల్లి చేతికి పోవుట. ఈ క్రమము ఒక్కనాడును తప్పలేదు.

ఏమి తీసితిమని యడిగెదరా? తీయనిది అడుగుడు! ఉప్పునీటిలో మునిగిన వంకాయలు, వరండాలో ఎండకు పఱచిన వార్తాపత్రిక, తల్లి కత్తెరతో కొడుకు తల మీద జరిగిన కేశఖండనము, మేడమెట్లపై చెవులలో తీగలు పెట్టుకొని పాఠము వినుచున్న కుమార్తె, ఏప్రిలు 5వ తేదీ రాత్రి తొమ్మిది గంటలకు పిట్టగోడపై వరుసగ వెలిగిన ప్రమిదలు, మనుష్యులు లేని వీధిలో నడుమ పండుకొని యజమానుని వలె చూచుచున్న కుక్క. మాకు గర్వము కలిగెను. రాజుల దర్బారులకు చిత్రములున్నవి, సామాన్యుల వంటయింటికి చిత్రములేవి? మేము ఈ కాలపు గృహచరిత్రను వ్రాయుచున్నామని తలంచితిమి. అంతటితో ఆగక ఒక్కొక్క చిత్రము క్రింద సంస్కృతములో నామకరణము చేయుచుంటిమి. వంకాయలకు జలశయనమని పేరు పెట్టినట్లు జ్ఞాపకము. ఉపాధ్యాయునికి బడి లేకపోయినచో ఇట్టి రోగములు పుట్టును.

ఏప్రిలు నెలాఖరున ఒక రాత్రి తమ్ముడు ఫోను చేసి, "అమ్మ నీతో మాట్లాడుతుందట" అనెను. మా తల్లి గట్టిగ నడిగెను. "ఒరేయ్, కోడలి ముఖమేదిరా? అన్నిట్లో వీపే కనబడుతున్నది. దానికి ఒంట్లో బాగున్నదా?"

బాగుగనే యున్నదని అఱచి చెప్పితిమి. ఆమెకు వినబడెనో లేదో. "ముఖం చూపించు" అని ఫోను పెట్టివేసెను.

మా కుమార్తెను పిలిచి చిత్రములన్నిటిని కంప్యూటరులో తెఱపించి లెక్క చూడుమంటిమి. లెక్కలందు ఆ పిల్లకు కనికరము లేదు. మొత్తము 612. వానిలో తల్లి కనబడునవి 131. ముఖము కనబడునవి 7. ఆ యేడింటిలో నాలుగు ఉగాదినాటివి. తక్కిన 124 చిత్రములలో ఆమె మాకు వీపును, జడయు, మోచేయియు, పొయ్యిమీద వంగిన భుజమును మాత్రమే. "మీరు ఒక్కదాంట్లో కూడా లేరు నాన్నా" అని పిల్ల యనెను. తీయువాడు చిత్రములో ఎట్లుండునని మేము నవ్వితిమి. "పనిలో కూడా అంతే" యని అది లేచిపోయెను.

1838లో డాగెరు అను ఫ్రెంచి పండితుడు పారిసు నగరములో తన మేడ కిటికీనుండి ఒక వీధిని చిత్రించెను. బండ్లతోను జనులతోను సందడిగ నుండు వీధి యది. కాని ఆనాటి పలక వెలుగును పట్టుటకు కొన్ని నిమిషములు కావలెను గనుక, కదలువారెవ్వరును దానిపై నిలువలేదు. వీధి శూన్యముగ కనబడును. ఒక మూల బూట్లు తుడిపించుకొనుచు కదలక నిలిచిన మనుష్యుడొక్కడు స్పష్టముగ కనబడును. వాని పాదములయొద్ద వంగి పని చేయువాడు మసకగ కనబడును. లోకములో మనుష్యరూపము పడిన మొదటి ఛాయాచిత్రము ఇదియే యందురు. ఈ సంగతి మేము ఏనాడో ఆంగ్ల గ్రంథములో చదివి వింతగ చెప్పుకొంటిమి. ఆ రాత్రి 124 వీపుల ముందు కూర్చుండి తలంచినప్పుడు మాత్రము వింతగ తోచలేదు. ఆ యంత్రమునకు కదలువారు చిక్కకపోవుట దాని లోపము. మా యంత్రము వేయవ పాలు క్షణములో చిత్రము పట్టును. లోపము మఱి యెవరిది?

తప్పు దిద్దుకొనబోయి, మఱియొక తప్పు చేసితిమి. ఇది వ్రాయుటకు సంకోచముగ నున్నది. అయినను వ్రాయనిచో ఈ వ్యాసమునకు పని లేదు.

మే నెల మొదటి వారములో ఒక మధ్యాహ్నము మంచినీళ్లకై వంటయింటిలోనికి పోతిమి. మా గృహిణి గోడకు చేరగిలబడి నేలమీద కూర్చున్నది. ఒడిలో సగము తఱిగిన బీరకాయల పళ్లెము. జుట్టు వీడియున్నది. నైటీ భుజముమీద పసుపు మరక. నిద్రపోవుచున్నది. కిటికీ వెలుగు ముఖముమీద పడుచున్నది. నలువది దినములలో మేము చూడని ముఖము! నీళ్ల మాట మఱచి, మెల్లగ వెనుకకు పోయి, కెమెరా తెచ్చి, మూడు చిత్రములు తీసితిమి. వానిలో ఉత్తమమైనదానికి అన్నపూర్ణ యని పేరు పెట్టి మా తల్లికి పంపితిమి. అంతటితో ఆగితిమా? మా బంధువుల వాట్సాపు కూటమిలో కూడ పెట్టితిమి. అందులో అఱువదిమంది యున్నారు. మా తరపువారు, ఆమె తరపువారు, అమెరికాలోని వారు. గంటలో నమస్కారములు, పుష్పములు, "మాస్టారు గొప్ప కళాకారులు" అను ప్రశంసలు వచ్చి పడినవి.

సాయంకాలము ఆమె వదినెగారు ఆమెకు ఫోను చేసిరి. ఆ తరువాత ఆమె మా గదిలోనికి వచ్చి, మా ఫోను అడిగి తీసికొని, చిత్రమును చాలసేపు చూచెను.

"అరవైమంది చూశారు. నేను ఇప్పుడు చూస్తున్నాను" అనెను.

ఎంత సహజముగ నున్నదో చూడుమంటిమి. ఎంత యందముగ నున్నదో యంటిమి. అందఱును ఎంత మెచ్చుకొనిరో చెప్పితిమి.

"నన్ను అడిగారా?"

నిద్రలో నున్నదానిని ఎట్లడుగుదు మంటిమి.

"లేచిన తరువాత అడగవచ్చు. అడిగితే వద్దంటానని మీకు తెలుసు. అందుకే అడగలేదు."

ఇది నిజము. ఆ నిజము మాకు ఆ క్షణమువఱకు తెలియదు. ఆమె చెప్పిన మఱుక్షణమున ఎప్పుడును తెలిసియున్నట్లుండెను. కూటమినుండి ఆ చిత్రమును తుడిచివేయబోతిమి. అందఱి ఫోనులనుండి తుడుచుటకు గడువు దాటిపోయెను. ఎవరెవరి ఫోనులలో అది దాగియున్నదో నేటికిని ఎఱుగము.

నాలుగు దినములు ఆమె మాతో మాటలాడలేదు. వేళకు కాఫీ వచ్చెను, వేళకు భోజనము వచ్చెను. ఇరువదిరెండేండ్ల కాపురములో కలహములు లేకపోలేదు గాని, కలహించిన తరువాత ఒకరు బజారునకో మఱియొకరు గుడికో పోవుట యుండెడిది. ఇప్పుడు ఎక్కడికి పోవుదుము? రెండు గదులు, ఒక వరండా. ఆమె వరండాలో నున్నచో మేము గదిలో. ఆమె గదిలో నున్నచో మేము వరండాలో.

ఆ వరండాలో మాకు రాజా దీనదయాళుగారు జ్ఞాపకము వచ్చిరి. నిజాము మీర్ మహబూబు అలీఖానుగారి ఆస్థానములో ప్రసిద్ధుడైన ఛాయాగ్రాహకుడు. 1892లో ఆయన హైదరాబాదులో స్త్రీలకొఱకే యొక జెనానా స్టూడియో నెలకొల్పెను. పురుషుడు లోనికి పోరాదు. చిత్రము తీయునది ఒక యాంగ్ల వనిత. ఘోషా స్త్రీలు అచ్చట కూర్చుండి చిత్రములు తీయించుకొనిరి. పరదా దురాచారమని మేము బడిలో ఎన్ని మారులో ఉపన్యసించితిమి, నేటికిని అట్లే చెప్పుదుము. స్త్రీవిద్యను గుఱించి మేము ఈ పత్రికలోనే వ్రాసిన వ్యాసములను చదువరులు కొందఱు మఱచి యుండరు. కాని చూడుడు. ఆ ఘోషాలోని స్త్రీకి నేడు నా చిత్రము తీయుదురని ముందుగ తెలియును. ఏ చీర కట్టవలెనో, ఏ నగ పెట్టవలెనో ఆమెయే యెంచుకొనెను. యంత్రమునకు ఎదురుగ కూర్చుండెను. పరదా లేని మా యింటిలో, పట్టభద్రురాలైన మా భార్యకు ఆ మాత్రము కూడ లేకపోయెను.

ఐదవ నాటి రాత్రి భోజనమువేళ మేము మెల్లగ మాట కదిపితిమి. క్షమించుమని నేరుగ చెప్పుటకు నోరాడక, పండితులకు అలవాటైన దొడ్డిదారి పట్టితిమి. పురాణములో సూర్యుని భార్య సంజ్ఞాదేవి కథ యున్నది గదా. మగని వేడి యోర్వలేక తన నీడను తనవలె నిలిపి, ఇంటి పని దానికి చెప్పి, పుట్టింటికి పోయెను. ఆ నీడయే ఛాయ. మగడు చాల కాలము భేదము గుర్తింపలేదు. మేము తీసినవానికి ఛాయాచిత్రములను పేరు ఎంత తగియున్నదో ఇప్పుడు తెలిసినది, మాకు ఇన్నాళ్లును కనబడినది ఛాయయే గాని సంజ్ఞ కాదు అంటిమి. పిల్లలు తలలు వంచుకొని చారు త్రాగుచుండిరి.

"సంజ్ఞకు పుట్టింటికి పోయే దారి ఉంది. నాకు మూడు కిలోమీటర్లు" అని ఆమె యనెను.

మా కుమారుడు ముందుగ నవ్వెను. తరువాత ఆమె నవ్వెను. మేము క్షమింపుమని అప్పుడు చెప్పితిమి, వ్యుత్పత్తులు లేకుండ.

మఱునాడు కెమెరాను ఆమె చేతికిచ్చితిమి. నేను తీయునది ఏమున్నదని మొదట ప్రక్కన పెట్టెను. వారము దినములలో ఆమె తీసినవి 37. మావలె కనబడిన ప్రతిదానిని తీయుట ఆమె స్వభావము కాదు. తన చేతులు తీసెను. సబ్బుపొడికి వ్రేళ్ల సందులలో తెల్లగ పగిలిన చర్మము. తెల్లవాఱకముందు కుళాయి క్రింద బొట్టు బొట్టుగ నిండుచున్న బిందె. అర్ధరాత్రి తల్లి దుప్పటి క్రింద ఫోను వెలుతురులో ఏడ్చుచున్న కుమార్తె. స్నేహితురాలి తండ్రిని ఆసుపత్రిలో చేర్చిరట. ఆ సంగతి మాకు ఎవ్వరును చెప్పలేదు. ఈ చిత్రమును తీయుటకు ముందు అడిగితివా యని ఆమెను ప్రశ్నించితిమి. "దుప్పటి ఎత్తి అడిగాను. తీయి అంది" అనెను.

మఱియొకదానిలో మేము. పడకకుర్చీలో పడుకొని యున్నాము. ముఖముమీద వార్తాపత్రిక. గోడ గడియారములో పదునొకండు గంటలు. కుర్చీ ప్రక్కన బకెట్టులో తడిబట్టలు, ఆఱవేయువారికొఱకు ఎదురుచూచుచున్నవి. లాక్‌డౌనులో బట్టలు మేమే యాఱవేయుచున్నామని బంధువుల కూటమిలో వ్రాసియుంటిమి. దీనిని పంపనా యని ఆమె యడిగెను. పంపుమంటిమి. ఆమె పంపలేదు.

ముప్పది యేడింటిలో కడపటిది పెరటి గచ్చుమీద ఒక పీట. దానిపై ఎండిపోయిన కొబ్బరిపీచు. మఱి యేమియు లేదు. ఇదేమి చిత్రము, ఎవ్వరును లేరే యంటిమి. "అదే" అనెను.

గిన్నెలు తోమునామె కూర్చుండు పీట అది. తొమ్మిదేండ్లనుండి మా యింటికి వచ్చుచుండినది. విద్యానగరము రైలుకట్ట కావల బస్తీలో కాపురము. మార్చిలో మా భవనపు వారందఱు చేరి పనివారిని లోనికి రానీయరాదని తీర్మానించిరి, మేమును చేయెత్తితిమి. మార్చి జీతము పూర్తిగ ఇచ్చితిమి. మా జీతము సగమే చేతికి వచ్చిన నెలలవి. కావున ఏప్రిలులో ఆమెకు సగము పంపితిమి. మే నెల వచ్చెను. ఆమె పనికి రాలేదు గదా యని ఊరకుంటిమి. ఆమె రాకపోవుటకు చేయెత్తినది ఎవరు? 612 చిత్రములలో ఆమె యొక్కదానిలోను లేదు. ఉండుటకు వీలు లేదు. ఆ పీటను మేము దినమునకు పది మారులు దాటిపోవుచుంటిమి. ఆ సాయంకాలమే మిగిలిన సొమ్ము ఆమె కుమారుని ఫోనునకు పంపితిమి. ఎంత యనునది వ్రాయము. ఇచ్చినది దానము కాదు, బాకీ.

జూను మొదటి వారములో ఆజ్ఞలు సడలినవి. నల్లకుంట చౌరస్తాలో ఫోటోలు ముద్రించు దుకాణము తెఱచిరి. తార్నాకకు పోవుటకు ముందు మా గృహిణి కంప్యూటరు ముందు కూర్చుండి, తాను కనబడు చిత్రములన్నిటిని ఒక్కొక్కటిగ చూచి, ఉంచవలసినవి ఉంచి, తుడువవలసినవి తుడిచెను. మేము ప్రక్కన కూర్చుండి నోరెత్తలేదు. అన్నపూర్ణ పోయెను. ఆ వెలుగు, ఆ బీరకాయలు. చెప్పవలెనన్న నేటికిని మనస్సునకు కొంచెము కష్టముగనే యున్నది. ముద్రణకు 40 చిత్రములు నిలిచినవి.

విశ్వవిద్యాలయములో నడుచువారు లేరు. ఆర్ట్సు కళాశాల మెట్లపై ఎండుటాకులు. తార్నాకలో తమ్ముని గుమ్మము బయట రెండు కుర్చీలు దూరముగ వేసిరి. మా తల్లి లోపల గడపయొద్ద కూర్చుండెను. ముక్కునకు నోటికి గుడ్డ కట్టుకొని యున్నందున మా ముఖములు ఆమెకు సగమే కనబడినవి. చిత్రములు ఒక్కొక్కటియు ఒడిలో పెట్టుకొని చూచెను. పడకకుర్చీలోని కొడుకును చూచి నవ్వెను. కోడలి చేతుల చిత్రము వచ్చినప్పుడు దానిని కంటికి దగ్గఱగ పెట్టుకొని, ఏమియు ననక, లోనికి పోయి వెన్నపూస గిన్నెతో వచ్చి గడపమీద పెట్టి వెనుకకు జరిగెను.

నాలుగు దినముల తరువాత గిన్నెలు తోమునామె మరల వచ్చెను. చిక్కియున్నది. మా గృహిణి ఆమెతో కొంతసేపు మాటలాడి, పీట చిత్రము చూపి, నీ ఫోటో ఒకటి తీయనా యని యడిగెను. ఆమె తన చీర వంక చూచుకొనెను.

"ఇయ్యాల వద్దమ్మా. రేపు మంచి చీర కట్టుకొని వస్త."

మఱునాడు ఆకుపచ్చని అంచు చీర కట్టి, తలకు నూనె రాచి, ముక్కుపుడక పెట్టుకొని వచ్చెను. పీటమీద కూర్చుండి, కొంగు సరిచేసికొని, కెమెరా వంక నేరుగ చూచెను. మా గృహిణి మూడు మారులు తీసి మూడును చూపెను. రెండవది బాగున్నదని ఆమె చెప్పెను. ఆ పిమ్మట లోనికి పోయి, పాత చీర కట్టుకొని వచ్చి, గిన్నెలముందు కూర్చున్నది. రెండు ప్రతులు కావలెనని యడిగినది: ఒకటి తనకు, ఒకటి పాలమూరులోనున్న తన తల్లికి.